కొత్త పికప్ వస్తోందా.. ఇంజన్ మాట మనమే చెప్పాలి!

పాత పికప్ మూలన పడింది. "కొత్తది తెప్పిస్తున్నా, ఏది బాగుంటుంది?" అని ముదీర్ అడిగాడు. చాలామంది "మీ ఇష్టం బాబా" అని తలూపి వచ్చేస్తారు. డబ్బు వాళ్లది, ఇస్తిమారా వాళ్ల పేరున, మధ్యలో మనకెందుకులే అనుకుంటారు. కానీ ఆ బండిలో రోజుకు పది పన్నెండు గంటలు కూర్చునేది ఎవరు? ఎండలో దారి మధ్య ఆగిపోతే బోనెట్ ఎత్తి నిలబడేది ఎవరు? "నువ్వే పాడుచేశావ్" అన్న మాట పడేదీ, నెలాఖరున జీతంలో కోత పడేదీ ఎవరికి? మనకే కదా! అందుకే అడిగినా, అడగకపోయినా, ఆర్డర్ కాగితం వెళ్లేలోపు ఇంజన్ గురించి నాలుగు మాటలు చెప్పి తీరాలంటాం మేము.

మేము దమ్మాంలో ఏసీలు బిగించి, బాగుచేసే పనివాళ్లం. మొత్తం ఏడుగురం. కరీంనగర్, సిరిసిల్ల వైపు వాళ్లం నలుగురం, రాయచోటి వాళ్లు ఇద్దరు, ఒకరిది నిర్మల్ దగ్గర పల్లె. ఇద్దరు డ్రైవర్లు, ఒకరు ఇక్కడికి రాకముందు ఊళ్లో మెకానిక్. మా దగ్గర ఒక పెట్రోల్ పికప్, ఒక డీజిల్ పికప్ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఈమధ్యే మూడోదానికి ఆర్డర్ వెళ్లింది. సంతకం ముదీర్‌ది, అందులో రాయించిన మాటలు మావి.

ఒకటా.. రెండా?

ఇంజన్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. సౌదీలో పికప్‌ని వనేత్ అంటారు. ఒక్క వరుస సీటుంటే గమారా, రెండు వరుసలుంటే గమారతేన్. కంపెనీలు గమారావైపే మొగ్గుతాయి. ధర తక్కువ, వెనకాల తొట్టి పెద్దది. పనికి వెళ్లేది మాత్రం నలుగురు. ఇద్దరు ముందు కూర్చుంటే మిగతా ఇద్దరు ఏసీ పెట్టెల మధ్య తొట్టిలో! ఇది నేరం. దానికంటే పెద్ద విషయం, ఒక్క బ్రేకుతో ప్రాణం పోయే పని. మనుషుల్ని కూడా తీసుకెళ్లాలంటే గమారతేన్ అడగండి. "ధర ఎక్కువ" అంటే "జరిమానా పడితే?" అని అడగండి. ఈ ప్రశ్నకు ముదీర్‌లు త్వరగా కరుగుతారు.

ఐదుగురు మనుషులంటేనే 350 కిలోలు దాటుతుంది. బండి మోయగల బరువులోంచి అది తీసేసి, మిగిలినదాంట్లోనే సామాను లెక్క వేసుకోవాలి.

పెట్రోలా.. డీజిలా?

మా గదిలో వారం రోజులు నడిచిన పంచాయితీ ఇదే. "అన్నా, డీజిల్‌దే తీస్కుందాం, గుంజుడు మంచిగుంటది" అన్నాడు సిరిసిల్ల తమ్ముడు. "గుంజేదానికి మనమేమన్నా గ్రానైటు మోస్తామా అబ్బీ? పొద్దస్తమానం పది కిలోమీటర్ల తిరుగుడే గదా" అన్నాడు రాయచోటి అన్న. ఊళ్లో బొలెరో పికప్‌లు చూసి పెరిగిన కళ్లకు లోడు బండి అంటే డీజిలే. ఇక్కడ ఆ లెక్క వేరు.

హైలక్స్‌నే తీసుకుందాం. గల్ఫ్‌లో ఏ సందులో చూసినా కనిపించేది అదే. దాంట్లో 2.7 లీటర్ల పెట్రోల్ ఇంజన్ వస్తుంది, మెకానిక్‌లు 2టీఆర్ అంటారు. 2004 నుంచీ ఉన్న ఇంజన్. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, టైమింగ్‌కు బెల్టు కాదు.. చైను. బలం సుమారు 164 హెచ్‌పీ, టార్క్ 245. డీజిల్‌లో 2.4 లీటర్ల 2జీడీ ఉంది. 2015లో పాత 2.5 డీజిల్ స్థానంలో వచ్చింది. హెచ్‌పీ చూస్తే 150 దగ్గరే, కానీ టార్క్ గేర్‌బాక్సును బట్టి 343 నుంచి 400 దాకా ఉంటుంది. టార్క్ అంటే మన భాషలో గుంజుడే. పూర్తి లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పెట్రోల్ బండి గేరు మార్చి అరుస్తుంది, డీజిల్ బండి ఉన్న గేరులోనే నింపాదిగా ఎక్కేస్తుంది. తమ్ముడి మాట అబద్ధం కాదు.

అయితే బలం వేరు, నమ్మకం వేరు. కొత్త డీజిల్ ఇంజన్‌లో టర్బో ఉంటుంది. ఇంజెక్టర్లలోకి డీజిల్ విపరీతమైన ఒత్తిడితో వెళ్తుంది. వాటి రంధ్రాలు కంటికి కనిపించనంత సన్నం. డీజిల్‌లో నీటి చుక్కో, ఇసుక నలుసో ఫిల్టర్ దాటి వెళ్లిందంటే ఖర్చు వేలల్లోకి పోతుంది. పెట్రోల్ ఇంజన్‌లో ప్లగ్గు పోవచ్చు, కాయిల్ పోవచ్చు. ఎక్కడైనా దొరుకుతాయి, అరగంటలో మార్చొచ్చు.

మసి ఫిల్టర్ సంగతి కూడా అడగాలి. కొన్ని డీజిల్ బండ్లకు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని హైవే మీద వేడెక్కినప్పుడు తనే కాల్చుకుంటుంది. పది నిమిషాలు నడిచి, అరగంట ఆగి, మళ్లీ పది నిమిషాలు నడిచే బండిలో ఆ వేడి రాదు. ఫిల్టర్ పూడుకుపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి గుంజదు. తప్పు డ్రైవర్‌ది కాదు, పనికి తగని బండి తెచ్చినవాళ్లది. నింద పడేది మాత్రం స్టీరింగ్ పట్టుకున్నవాడి మీదే.

కాబట్టి మా తీర్పు ఇది. దమ్మాం, ఖోబర్, ఖతీఫ్ మధ్య చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి టర్బో లేని పెట్రోల్. రోజూ లోడుతో జుబైల్‌కో, హఫూఫ్‌కో, 400 కిలోమీటర్ల దూరంలోని రియాద్‌కో వెళ్లే బండికి డీజిల్. మా కొత్త బండి ఊళ్లో తిరిగేదే, అందుకే పెట్రోల్ రాయించాం. తమ్ముడు ఇంకా అలిగే ఉన్నాడు.

బంకు లెక్క మారింది

ముదీర్ వెంటనే అనే మాట "డీజిల్ చవక కదా" అని. నిజమే, కానీ ఇదివరకంత చవక కాదు. మా రెండు బండ్ల పుస్తకం చూసి చెబుతున్నాం. ఏసీ వేసుకుని, ఆగుతూ నడుస్తూ, పెట్రోల్ బండి వంద కిలోమీటర్లకు 12 లీటర్లు తాగుతుంది, డీజిల్ బండి 9 లీటర్లు. నెలకు 3,000 కిలోమీటర్లంటే 360 లీటర్ల పెట్రోల్, లేదా 270 లీటర్ల డీజిల్. సౌదీలో 91 పెట్రోల్ ధరను 2021 జూలైలో 2.18 రియాళ్ల దగ్గర ఆపారు. ఆ లెక్కన నెలకు 785 రియాళ్లు. డీజిల్ 2023లో లీటరు 0.75 ఉండేది, అంటే నెలకు 203 రియాళ్లు. తేడా 582! అప్పుడు డీజిల్ అన్నవాడే తెలివైనవాడు. 2024 జనవరిలో అది 1.15 అయింది, 2025 జనవరిలో 1.66కి చేరింది. ఆ ధరకు అదే 270 లీటర్లు 448 రియాళ్లు. తేడా 337కి దిగింది. ఆ లెక్కన ఏడాదికి నాలుగు వేల పైచిలుకు మిగిలేది, అదీ ఇంజెక్టర్లు గట్టిగా ఉన్నన్నాళ్లు. ధరలు మారుతూనే ఉంటాయి. ఎమిరేట్స్‌లో అయితే 2015 ఆగస్టు నుంచి నెలనెలా మారుస్తున్నారు. మీ ఊరి బంకు బోర్డు చూసి ఇదే లెక్క కట్టి, కాగితం మీద రాసి ముదీర్ ముందు పెట్టండి. నోటి మాట కంటే కాగితం బాగా పనిచేస్తుంది.

మీటరు చెప్పని కిలోమీటర్లు

సౌదీలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి నిబంధన. ఆ మూడు గంటలూ మనం ఎక్కడుంటాం? గది దూరమైతే పికప్‌లోనే, ఏసీ వేసుకుని. బండి కదలదు, మీటరు తిరగదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నిలబడి ఒక గంట తిరిగితే సుమారు 40 కిలోమీటర్లు నడిచినట్టని మెకానిక్‌ల లెక్క. రోజుకు మూడు గంటలు, నెలకు 26 రోజులు.. 3,120 కిలోమీటర్లు! మీటరు మీద 3,000 కనిపిస్తుంటే ఇంజన్ చేసిన పని ఆరు వేలకు పైన అన్నమాట. పుస్తకంలో ఆయిల్ మార్పు 10,000కి అని ఉన్నా, దుమ్ములో, నిలబెట్టి నడిపే బండికి 5,000కే మార్చాలనేది అందుకే. ఈ మాట ఆర్డర్ రోజే ఒప్పించుకోండి. తర్వాత అడిగితే "మొన్ననే కదా మార్చింది" అంటారు.

మూసిన షెడ్డులోనో, బేస్‌మెంట్‌లోనో మాత్రం ఇంజన్ నడుపుతూ నిద్రపోవద్దు. ఆ పొగకు వాసన తెలియదు, లేవకుండానే పోతారు.

నిలబడిన ఇంజన్‌కు ఎదురుగాలి ఉండదు. రేడియేటరు, ఫ్యానే దిక్కు. అందుకే గల్ఫ్ కోసం తయారుచేసిన బండే తీసుకోవాలి. వేరే దేశం కోసం చేసినది దళారులు చవగ్గా తెచ్చి చూపిస్తారు. పైకి ఒకటే, లోపల రేడియేటరు, ఏసీ చిన్నవి కావచ్చు. ఆగస్టు వచ్చేదాకా తేడా తెలియదు.

సనాయియాలో ఒక పూట

షోరూంకు వెళ్లేముందు ఒక పూట సనాయియాకు వెళ్లండి. మెకానిక్ షెడ్ల మధ్య ఒక చాయ్ తాగితే చాలా తెలుస్తుంది. మనసులో ఉన్న బండి పేరు చెప్పి మూడు వస్తువుల ధర అడగండి. వాటర్ పంపు, రేడియేటర్, క్లచ్ ప్లేటు. "ఉంది" అని అరలోంచి తీస్తే మంచి బండి. "వకాలాలో ఆర్డర్ పెట్టాలి, మూడు వారాలు" అంటే ఆ మూడు వారాలు మీ పని ఎలా నడుస్తుందో ఆలోచించుకోండి. ఇప్పుడు చైనా పికప్‌లు బాగా వస్తున్నాయి. ధర తక్కువ, లోపల హంగులు ఎక్కువ. వాటిని తీసిపారేయం. ఇవే మూడు ప్రశ్నలు వాటికీ వేయండి, అంతే. 

టైమింగ్ బెల్టా, చైనా అన్నది కూడా అక్కడే అడగండి. హైలక్స్ పాత 2.5 డీజిల్‌కు బెల్టు, కొత్త 2.4కు చైను. మిత్సుబిషి ఎల్200లో వచ్చిన 4జీ64 అనే 2.4 పెట్రోల్‌కు కూడా బెల్టే. బెల్టు ఉంటే చెడ్డ ఇంజన్ అని కాదు. చెప్పిన కిలోమీటర్లకు మార్చకపోతే తెగుతుంది. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

కోత కోస్తామంటే..

సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణం ప్రకారం, కార్మికుడి తప్పు వల్ల యంత్రం పాడైతేనే యజమాని కోత పెట్టాలి. అదీ నెలకు ఐదు రోజుల జీతానికి మించకూడదు. మామూలుగా అరిగి పాడైనదానికి కోత లేదు. కాదని కోస్తే మానవ వనరుల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. ఇంటి డ్రైవర్లకు ఈ చట్టం వర్తించదు, వాళ్లకు వేరే నిబంధనలున్నాయి. మాకు తెలిసిన ఒక డ్రైవర్‌కు వేడెక్కి పోయిన ఇంజన్ ఖర్చంతా మీద వేశారు. రేడియేటర్ కారుతోందని అతను రెండు వారాలుగా చెబుతూనే ఉన్నాడు. చెప్పినట్టు రుజువు మాత్రం లేదు. అందుకే లైటు వెలిగినా, నీళ్లు కారినా ఆ రోజే ఫొటో తీసి ముదీర్‌కు వాట్సాప్‌లో పంపండి. తేదీ దానంతటదే పడుతుంది.

బండి వచ్చిన రోజు తాళం చేతిలో పెట్టగానే నడిపేయకండి. తఫ్వీద్ మీ పేరున వచ్చిందా, ఇన్సూరెన్స్ ఉందా చూసుకోండి. డోరు పక్కన ప్లేటు మీద తయారైన సంవత్సరం, కాగితంలో రాసిన సంవత్సరం ఒకటేనా? నిరుటి బండిని కొత్తదని అంటగట్టడం వింత కాదు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఇంకొకటి: ఆటోమేటిక్ లైసెన్సు ఉన్నవాళ్లు గేర్ల బండి నడపకూడదు. బండి వచ్చాక కాదు, ఆర్డర్‌కు ముందే చెప్పాలి. నాలుగు పక్కలా ఫొటోలు, మీటరు ఫొటో తీసి పెట్టుకోండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు పూర్తి లోడు వద్దు, పెడల్ అడుక్కంటా తొక్కొద్దు. డీజిల్ బండి అయితే హైవే దిగాక నిమిషం పాటు ఊరికే తిరగనిచ్చి ఆపండి, టర్బో చల్లబడుతుంది. రేడియేటర్‌లో పోయడానికి ఒక డబ్బా కూలెంట్ సీటు వెనక పెట్టుకోండి. ఇంజన్ వేడిగా ఉండగా మూత తీయొద్దు.