పోపు వాసన, దోమ దారి



మన ఇళ్ళల్లో ఆడపిల్ల ఫిజిక్సులో పి.హెచ్.డి. చేస్తానంటే ముందుగా మనకు తోచే మాట "ఇంకా ఎన్నేళ్ళే తల్లీ?" అని. సరే, ఒప్పుకుని పంపించామే అనుకోండి. మొదటి ఏడు పరమాణువులు ఎలా ఢీకొంటాయో చదువుతున్నానన్న పిల్ల, మూడో ఏట పక్షులు తిండి ఎలా వెతుక్కుంటాయో లెక్కలు కడుతున్నానని ఫోనులో చెబితే మన గుండె గుభేలుమంటుంది. చదువు దారి తప్పిందేమోనని బెంగ. తప్పలేదు. ఆ రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే.

వంటింట్లోంచే మొదలుపెడదాం. ఇంగువ పోపు వేశారు. ఆ వాసనను మోసే అణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి. ఆ లెక్కన రెప్పపాటులో వీధిగుమ్మం దాటాలి గదా! దాటవు. 1858లో హాలెండు దేశపు బైస్ బాలట్ అనే ఆయన సరిగ్గా ఈ సందేహమే లేవదీశాడు. అణువులకు అంత వేగం ఉంటే గదిలో పొగ అంతసేపు ఎందుకు వేళ్ళాడుతుందన్నాడు. క్లాసియస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆ ఏడే జవాబు చెప్పాడు. వేగం నిజమే, కానీ తిన్నగా పోనిచ్చేదెవరు? గాలిలో ఒక్కొక్క అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు మరో అణువును ఢీకొని, ప్రతిసారీ దిక్కు మార్చుకుంటుంది.

మా నాదెండ్ల వైపు వాళ్ళకైతే కోటప్పకొండ తిరునాళ్ళ అంటే చాలు, తెలిసిపోతుంది. శివరాత్రినాడు ఆ జనంలో పడ్డ మనిషి ఎంత హడావిడిగా నడిచినా ఎంత దూరం పోతాడు? ఇటు తోస్తే ఇటు, అటు తోస్తే అటు. ఇలా దిక్కు లేని నడకకూ ఒక లెక్క ఉంది. నూరడుగులు వేస్తే సగటున బయల్దేరిన చోటికి పదడుగుల దూరంలో తేలతాం. పదివేలు వేస్తే నూరడుగుల దూరం, అంతే! నిజానికి పోపు వాసన పక్కింటికి చేరేది గాలి వీచడం వల్లనే. అణువుల నడకనే నమ్ముకుంటే గది దాటేసరికి పూటలు గడిచిపోతాయి.

ఇప్పుడు సికింద్రాబాదుకు వద్దాం. 1897 ఆగస్టు 20న అక్కడ రొనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతటితో ఊరుకోలేదాయన. గుంట పూడిస్తే ఎంత మేరకు దోమలు తగ్గుతాయి? గుంటలో పుట్టిన దోమ ఎంత దూరం పోతుంది? ఈ లెక్క తేలాలన్నాడు. లండనులో కార్ల్ పియర్సన్ అనే గణితజ్ఞుడు ఆ ప్రశ్నను సాధారణ రూపంలోకి మార్చి 1905లో పత్రికలో వేశాడు. ఈ నడక లెక్కకు ఇంగ్లీషులో పేరు వచ్చింది అప్పుడే. ఆ ఏడే ఐన్‌స్టీన్ నీటిలో నలుసుల గంతులకు అణువుల తాకిడే కారణమని లెక్కగట్టి చూపించాడు. దోమకూ నలుసుకూ ఒకే లెక్క!

దోమ అచ్చంగా అణువు కాదనుకోండి. గాలివాటుకు కొట్టుకుపోతుంది, మన ఒంటి వాసన పట్టుకు వస్తుంది. అయినా దిక్కు మారుతూ ఎగిరేది ఎక్కువ దూరం పోలేదన్న మాట నిలిచింది. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ సామాన్యంగా పుట్టిన చోటికి కొన్ని వందల మీటర్లు దాటదు. మిమ్మల్ని కుట్టింది ఏ ఊరి చెరువులోదో అనుకోకండి. మీ కూలరు తొట్టిలోనో, పక్కవారి డాబా మీది కొబ్బరిచిప్పలోనో పుట్టి ఉంటుంది. మీ ఒక్కరి ఇల్లు శుభ్రం చేసుకుంటే చాలదు, వీధి వీధంతా కదలాలి.

ఇక తిండి వెతుకులాట. కోతలైపోయిన చేలో గొర్రెల్ని చూడండి. ఒకచోట కాసేపు అటూ ఇటూ మేస్తాయి, ఉన్నట్టుండి ఒక్క పరుగున దూరంగా పోయి మళ్ళీ అక్కడ మేస్తాయి. చిన్న అడుగులు చాలా, పెద్ద అంగలు అరుదుగా. ఇలాంటి నడకను ఫ్రెంచి గణితజ్ఞుడు పాల్ లెవీ పేరుతో పిలుస్తారు. 1996లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో విశ్వనాథన్, ఆయన తోటివారు ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి ఇలాగే తిండి వెతుక్కుంటుందని రాశారు. పక్షి కాలికి కట్టిన చిన్న పరికరం తడిగా ఉంటే నీళ్ళ మీద వాలినట్టు, పొడిగా ఉంటే ఎగురుతున్నట్టు లెక్క. పదకొండేళ్ళ తర్వాత, 2007లో, తీరా చూస్తే ఆ పెద్ద అంగలు కొన్ని ప్రయాణాలే కావు. పక్షి గూట్లో కూర్చుంది! గూట్లో ఉన్నప్పుడూ కాలు పొడిగానే ఉంటుంది గదా. ఈ మాట ఎవరైనా ఇల్లాలిని అడిగినా చెప్పేదేమో! ఆ సవరణ వ్యాసం మీద విశ్వనాథన్ కూడా తన పేరు పెట్టాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది అదే.

అంతటితో ఆ ఆలోచన పోలేదు. 2008లో సొరచేపలు, తాబేళ్ళు, పెంగ్విన్‌ల కదలికల్లో ఆ పోలిక కనిపించిందని మరో బృందం రాసింది. అయితే ఆ పెద్ద అంగ జంతువు పుట్టుకతో తెచ్చుకున్నదా, లేక గడ్డి అక్కడో గుబురు ఇక్కడో గుబురుగా మొలవడం వల్ల వేయక తప్పనిదా అన్న వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. మీ అమ్మాయి ఫోనులో చెబుతున్నది బహుశా దాని గురించే.