నాటిన నారు మూన తిరిగే దాకా

ఆంధ్ర జాతి పేరు మొదట కనిపించే ప్రాచీన గ్రంథాలలో ఐతరేయ బ్రాహ్మణం ముఖ్యమైనదని విద్యార్థులందరూ చదువుకొన్నదే. కాని ఆ పేరు అక్కడ ఏ సందర్భంలో వచ్చినదో గమనించినవారు తక్కువ. అది ఒక దత్తపుత్రుని కథ. కన్నతండ్రి నూరు గోవులకు ఆశపడి యజ్ఞపశువుగా అమ్మివేసిన శునశ్శేపుడు దైవకృపవల్ల బ్రతికి బయటపడినాడు. విశ్వామిత్రుడు అతనిని కుమారునిగా స్వీకరించి, తన బిడ్డలందరికీ జ్యేష్ఠునిగా నిలిపినాడు. ఆ ఋషికి నూటొక్కరు కొడుకులు. నడిమివాడైన మధుచ్ఛందుడూ, అతని తమ్ములు ఏబదిమందీ సమ్మతించినారు. పెద్దవారు ఏబదిమంది ఒప్పుకొనలేదు. తండ్రి కోపించి శపించగా వారి సంతతి ఆంధ్ర, పుండ్ర, శబరాది జాతులైనదని ఆ గ్రంథం చెబుతున్నది.

ఇది చరిత్ర కాదు, పురాకథ. అయినా అందులో గొప్ప లోకానుభవం ఉన్నది. దత్తతను తండ్రి ఒక్కడే నిశ్చయించవచ్చును. ఆ బిడ్డ ఆ ఇంటివాడు కావడం మాత్రం తక్కినవారందరి చేతిలో ఉన్నది.

కృష్ణా డెల్టా రైతుకు ఈ సంగతి మరొక విధంగా తెలుసు. విజయవాడలో ప్రకాశం బ్యారేజి నుండి కాలువలకు నీరు వదలిన పిమ్మట, నారుమడిలో పెరిగిన నారును తీసి దమ్ము చేసిన చేలో నాటుతారు. మరునాడు ఆ మొక్క పసుపుబారి తల వాల్చుతుంది. రైతు దానిని చూచి దిగులుపడడు. నీరు పలుచగా నిలిపి కనిపెట్టుకొని ఉంటాడు. ఎక్కువైతే మొక్క మునుగుతుంది, తక్కువైతే ఎండుతుంది. వారం పది దినాలకు కొత్త వేరు తొడిగి ఆకు పచ్చబడినప్పుడు, ‘మూన తిరిగింది’ అంటాడు.

పూర్వం ఈ నేలమీద జరిగిన గొప్పింటి దత్తతలలో దృష్టి బిడ్డకంటె ఆస్తిమీదనే ఎక్కువగా ఉండేది. అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఒకరి తరువాత ఒకరుగా జగన్నాథ బాబును, రామనాథ బాబును దత్తత చేసికొన్నాడు. 1816లో ఆయన గతించిన పిమ్మట సాగిన వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయినది. మొదటి దత్తుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదని అక్కడ తీర్పు వచ్చినది. అన్నదమ్ములు కావలసిన ఇద్దరు బాలురు ప్రత్యర్థులుగా మిగిలినారు.

తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసిన దత్తుడు చలం. 1894లో కొమ్మూరివారి ఇంట పుట్టిన ఆయన మాతామహునికి దత్తుడై గుడిపాటి వేంకటచలమైనాడు. బాల్యం తెనాలిలో గడిచినది. ఇటువంటి దత్తతలో వరుసలు ఎంత చిత్రంగా మారుతాయో చూడండి! శాస్త్రం లెక్కన తాత తండ్రి అవుతాడు. కన్నతల్లి అక్క అవుతుంది. కాగితంమీద మారినంత సులువుగా నాలుకమీద వరుస మారునా? చలం పెరిగి పెద్దవాడై, పాఠశాలల తనిఖీ ఉద్యోగం చేసి, ‘బిడ్డల శిక్షణ’ అనే గ్రంథం కూడ వ్రాసినాడు.

చట్టం తన పని తాను చేసినది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, దత్తత జరిగిన నాటి నుండి ఆ బిడ్డ అన్ని విధాల ఆ దంపతుల బిడ్డయే. దత్తహోమం తప్పనిసరి కాదు. బిడ్డను ఇచ్చి పుచ్చుకొనుటే ముఖ్యం. కుమార్తెను కూడ దత్తత చేసికొనవచ్చును. అనాథ శిశువులకు 2015 నాటి బాలల న్యాయ చట్టం దారి చూపినది. 2021 సవరణతో ఆ దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం న్యాయస్థానం నుండి జిల్లా మేజిస్ట్రేటుకు వచ్చినది. తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి బిడ్డ యోగక్షేమాలు విచారిస్తారు. కాని నాయనమ్మ ఒడిని, పెదనాన్న భుజాన్ని ఏ ఉత్తర్వు ఇప్పించగలదు?

అయిదారేళ్ల పిల్ల అటువంటి ఇంటికి వచ్చినదనుకొందాం. సంక్రాంతికి బందరు నుండి మేనత్తలు, గుడివాడ నుండి పినతండ్రులు దిగుతారు. పంక్తిలో ఎవరో, “ఈ పిల్ల ఎవరండీ?” అంటారు. “పాపం, తెచ్చుకొని పెంచుకొంటున్నారు” అన్నది ఒక జవాబు. “మా అన్నయ్య కూతురు” అన్నది మరొక జవాబు. పిల్ల తల వంచుకొని అన్నం తింటున్నా, ఆ జవాబు వింటూనే ఉంటుంది.

నిరాదరణ ఒక్కటే కాదు, అతిగారాబమూ బిడ్డను వేరు చేస్తుంది. గాలిపటం కోసం పిల్లలందరూ పోట్లాడినప్పుడు తక్కినవారిని కసిరి, ఆమెను మాత్రం బుజ్జగిస్తే, తాను చుట్టపుచూపుగా వచ్చినదాననని ఆమెకు తెలిసిపోతుంది. అతిథిని ఎవరూ మందలించరు కదా! బామ్మ అందరితోపాటు ఆమెనూ కసిరి, అందరితోపాటు ఆమెకూ అరిసె పెట్టిన నాడు ఆ పిల్ల ఇంటిపిల్ల అవుతుంది. దత్తత సంగతిని దాచడమూ మేలు కాదు. పెళ్లిపందిట్లో పరాయినోట వినేకంటె, చిన్ననాడే తల్లి ఒడిలో వినడం మంచిది.

ఉపాధ్యాయులకూ ఇందులో పాత్ర ఉన్నది. వంశవృక్షం గీయుమన్నప్పుడు, నీవు ఎవరి పోలిక అని అడిగినప్పుడు, తరగతిలో ఒక బిడ్డ కలం ఆగిపోవచ్చును. మన ఇంట ఎవరెవరు ఉన్నారు, ఎవరిని ఏమని పిలుస్తాము అని వ్రాయించినా పాఠం నెరవేరుతుంది.

ఒప్పుకొనని అన్నల సంతతిగా ఆంధ్రుల పేరు ఆ పాత కథలో నిలిచిపోయినది. దానిని మరొక గ్రంథం వ్రాసి దిద్దనక్కరలేదు. ఇంటికి వచ్చిన బిడ్డ “బాబాయ్!” అని పిలిచినప్పుడు, తడుముకొనకుండా “ఏమ్మా!” అని పలికితే చాలును.