ఉపేక్షింపరాని ఱొమ్ముమంట

పులిత్రేనుపులు, ఱొమ్ములో మంట మన గ్రామములలో వ్యాధులుగా నెంచబడుట లేదు. భోజనానంతరము మంట పుట్టగనే రైతు చిటికెడు వంటసోడా నీళ్లలో కలిపి త్రాగును, లేదా దుకాణమున దొరకు పొడి పొట్లమును చింపుకొనును. మంట చల్లారును, మఱునాడు మరల పుట్టును. ఇట్లు పది పదునైదేండ్లు గడచిపోవును. పండుగనాటి పిండివంటల తరువాత నెప్పుడో కలుగు మంటకు ఈ చికిత్స చాలును. వారమునకు రెండు మూడు పర్యాయములు, ఏండ్ల తరబడి వచ్చు మంట సంగతి వేఱు.

నోటినుండి కడుపునకు ఆహారమును గొనిపోవు అన్ననాళము సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండును. దాని యడుగున నొక కండరపు కట్టు కలదు. అది తూము తలుపు వంటిది. ముద్ద వచ్చినపుడు తెఱచుకొని వెంటనే మూసికొనవలెను. ఆ కట్టు వదులైనచో కడుపులోని ఆమ్లము పైకెక్కును. ఆమ్లమున కోర్చుటకు కడుపులోపల దట్టమైన జిగురుపొర యున్నది. అన్ననాళమున కట్టి రక్షణ లేదు. ఉప్పునీరెక్కిన పొలమును చూచినవారికి తరువాతి కథ సుబోధము. మొదట వరి మాడును; ఏటేట ఉప్పెక్కుచుండినచో వరి పోయి, ఉప్పున కోర్చు గడ్డి మొలచును. అటులనే కొందఱియందు అన్ననాళపు సహజమైన పొర నశించి, ప్రేగులపొరను బోలిన వేఱొక పొర పెరుగును. 1950లో లండను శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ దీనినిగూర్చి వ్రాసినందున ఆయన పేరే దీనికి నిలిచినది. చిత్రమేమనగా, అది పైకి లాగబడిన కడుపుభాగమే యని ఆయన మొదట తలచెను. అన్ననాళమే యని 1957లో నంగీకరించెను. ఈ మాఱిన పొరనుండి యొక జాతి క్యాన్సరు పుట్టవచ్చును.

1999లో ప్రకటింపబడిన స్వీడను దేశపు పరిశోధనలో, వారమున కొక్కసారియైనను మంట వచ్చువారికి ఈ క్యాన్సరు సుమారు 8 రెట్లును, తీవ్రమైన మంటతో 20 ఏండ్లకు మించి బాధపడినవారికి 40 రెట్లకు పైగాను అధికమని తేలినది. రెట్లు విని బెదరిపోరాదు. మూలసంఖ్య మిక్కిలి చిన్నది. బారెట్ పొర యున్నవారిలో సైతము వేయిమందికి ఏడాదికి సుమారొకరికే క్యాన్సరు వచ్చుచున్నట్లు 2011లో డెన్మార్కు వైద్యులు లెక్కగట్టిరి.

అయితే మన దేశమున అన్ననాళపు క్యాన్సరులో నెక్కువపాలు మఱియొక జాతిది. దానికి మూలము ఆమ్లము గాదు. చుట్ట, బీడీ, నమలు పొగాకు, సారాయి. 65 డిగ్రీలకు మించిన వేడితో త్రాగు పానీయములును బహుశః కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి క్యాన్సరు పరిశోధనశాఖ 2016లో నిర్ణయించినది. పొగ త్రాగుటవలన పైజెప్పిన కట్టు కూడ వదులగును. కావున మాత్ర మ్రింగి చుట్ట ముట్టించువాని వైద్యము సగమే.

అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు మంట గాదు, మ్రింగుటలో నడ్డు. మొదట గట్టిముద్ద ఱొమ్ముకడ నిలిచినట్లుండును. రోగి నీళ్లు త్రాగి దింపుకొనును. కొన్నాళ్లకు అన్నమును చారుతో పలుచగా కలుపుకొనును; పిమ్మట మజ్జిగన్నము, పిమ్మట గంజి. పండ్లు లేవనియో వయసు మీఱినదనియో ఇంటివారు సమాధానపడుదురు. ఇంతలో నాళము చాలవఱకు మూసికొనిపోవును. గట్టిముద్ద అడ్డుపడుట ఆరంభమైన వారములోనే ఆసుపత్రికి పోవలెను. కారణము లేక బరువు తగ్గుట, నెత్తుటి వాంతి, తారువంటి నల్లని విరేచనము కూడ నిట్టివే. మంటతో చెమటపట్టి, నొప్పి యెడమచేతికో దవడకో ప్రాకినచో అది గుండెపోటు కావచ్చును. సోడాతో కాలహరణము చేయరాదు.

ప్రొద్దుపోయి యిల్లుచేరి, కడుపునిండ భుజించి, వెంటనే మంచమెక్కుట రైతుల వాడుక. భోజనమునకును నిద్రకును మూడు గంటలైన నెడముండవలెను. తలవైపు మంచపుకోళ్ల క్రింద ఇటుకలు పెట్టి ఆఱు అంగుళములు లేపినచో ఆమ్లము పైకెక్కుట తగ్గును. దిండ్లు పేర్చుట వలన ప్రయోజనము తక్కువ. తిన్నవెంటనే వంగి కలుపు తీయరాదు. పొట్ట పెరిగినవారు తగ్గించుకొనవలెను. ఒమెప్రజోలు వంటి మాత్రలు ఆహారమునకు అరగంట ముందు వేసికొన్ననే బాగుగ పనిచేయును. నెలల తరబడి వాడవలసివచ్చినచో వైద్యుని యడిగియే వాడవలెను.

ఏబది యేండ్లు దాటి, అయిదేండ్లకు పైగా మంటతోనుండి, పొగాకు అలవాటో పెద్దపొట్టయో గల పురుషులు ఎండోస్కోపీనిగూర్చి వైద్యుని సంప్రదింపవలెను. ముందు ఆఱు గంటలు ఏమియు తినకుండ పోవలెను. కొన గాజుకన్ను గల సన్నని గొట్టమును గొంతుగుండ దింపి, కొలది నిమిషములలో చూచెదరు. బారెట్ పొర కానవచ్చినచో వైద్యుడు చెప్పిన గడువున మరల చూపించుకొనుచుండవలెను. పొర చెడుటకు మొదలిడినచో, ఱొమ్ము కోయకయే ఆ భాగమును గొట్టముద్వారా కాల్చివేయు పద్ధతి నేడు పెద్ద ఆసుపత్రులలో నున్నది.