ఏ బియ్యం సరే, ఎంత అన్నం?

మన ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ లేని మనిషికి పరగడుపున ఆ రక్తం మొత్తంలో తిరిగే గ్లూకోజ్ 5 గ్రాములకు మించదు. అంటే ఒక చెంచాడు. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం తింటే అందులో పిండిపదార్థం సుమారు 84 గ్రాములు. అది దాదాపుగా అంతా అరిగి గ్లూకోజే అవుతుంది. రెండు మూడు గంటల్లో పదహారు చెంచాల పైన వచ్చిపడే ఆ సరుకును సర్దాల్సింది ఇన్సులినే. అది చాలకపోయినా, దాని మాట ఒళ్లు వినకపోయినా షుగర్ పెరుగుతుంది.

300 గ్రాములా, అంత తినం అంటారేమో. ఒకసారి తూచి చూడండి. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి ఇంకొంచెం, చివర పెరుగులోకి రెండు ముద్దలు. మన భోజనంలో ప్రతి వంటకమూ అన్నాన్ని మళ్లీ అడుగుతుంది.

ఏ పదార్థం షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో కొలవడానికి టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో గ్లైసెమిక్ ఇండెక్స్‌ను ప్రతిపాదించింది. గ్లూకోజ్‌కు 100 మార్కులు. 55, అంతకన్నా తక్కువైతే నెమ్మది. 70, ఆపైన అయితే వేగం. మన బియ్యం అమ్మకాల్లో ఈ అంకెకు ఇప్పుడు మంచి గిరాకీ. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 ఇండెక్స్ సుమారు 51 అని చెబుతారు. మామూలు తెల్లన్నం రకాన్ని బట్టి, ఉడికిన తీరును బట్టి మారుతుంది; లెక్క కోసం 70 అనుకుందాం.

ఇండెక్స్ వేగాన్నే చెబుతుంది, మోతాదును చెప్పదు. రెండూ కలిసిన లెక్క గ్లైసెమిక్ లోడ్: ఇండెక్స్‌ను పిండిపదార్థం గ్రాములతో హెచ్చించి 100తో భాగించాలి. 300 గ్రాముల మామూలు అన్నానికి ఇది 59. అదే కొలతలో తెలంగాణ సోనా అయితే 43. లాభమే. కానీ షుగర్ రైస్ కదా అని ఇంకో 100 గ్రాములు వడ్డించుకుంటే 57కు చేరుతుంది, మిగిలింది రెండు పాయింట్లు! బియ్యం మార్చకుండా అన్నాన్ని సగానికి తగ్గిస్తే మాత్రం 29. ఖరీదైన బస్తా కన్నా చిన్న గరిటె మేలని అంకెలే చెబుతున్నాయి.

పుచ్చకాయ సంగతి దీనికి తిరగేసి. ఇండెక్స్ 70 పైనే, కానీ 120 గ్రాముల ముక్కలో పిండిపదార్థం 6 గ్రాములే. లోడ్ 4. పాపం, దాన్ని చాలా ఇళ్లలో అనవసరంగా వెలివేశారు.

రాగుల విషయంలో మరో పొరపాటు జరుగుతోంది. పీచు, కాల్షియం ఎక్కువే, కాదనను. కానీ 100 గ్రాముల రాగుల్లోనూ పిండిపదార్థం 65 గ్రాములకు పైనే. మెత్తగా మరపట్టించి జావ కాచి తాగితే అరగడానికి పొట్టకు పని తగ్గుతుంది, షుగర్ త్వరగా ఎక్కుతుంది. ఇక బెల్లం సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు: అందులో ఎక్కువ భాగం చక్కెరే.

తినే వరుస కూడా లెక్కలోకి వస్తుంది. ముందు కూరగాయలు, పప్పు లేదా గుడ్డు తిని ఆ తర్వాత అన్నం తింటే షుగర్ ఒక్కసారిగా లేవదు. పీచు, మాంసకృత్తులు పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే కూరను అన్నంలో నంజుకునే సరుకుగా కాక, ముందు ఒక కప్పు విడిగా తినే పదార్థంగా చూడాలి.

మీ ఒంటికి ఏది ఎంత పడుతుందో చెప్పేది గ్లూకోమీటరే. మొదటి ముద్దకు ముందు ఒకసారి, ఆ ముద్ద తిన్న రెండు గంటలకు మరోసారి చూసుకుని, ఏం తిన్నారో ఎంత తిన్నారో పక్కన రాసుకోండి. ఇన్సులిన్‌గానీ షుగర్ మాత్రలుగానీ వాడుతున్నవారు మాత్రం డాక్టరుకు చెప్పకుండా అన్నం సగానికి కోయవద్దు. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది. 70 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసుకోవాలి.