హెచ్.ఐ.వి. రోగి మెదడుకు నికోటిన్ మందా, విషమా?

"దమ్ము లాగితే గాని బుర్ర పనిచెయ్యదండీ!" అనే మాట డాక్టర్లమైన మేము తరచు వింటూంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. పొగాకులో ఉండే నికోటిన్, పొగ పీల్చిన కొద్ది సెకండ్లలోనే మెదడుకు చేరి, కాసేపు హుషారునిస్తుంది. హుషారు దిగగానే చిరాకు పుడుతుంది. చిరాకు పోవడానికి మరొక సిగరెట్! బుర్ర పనిచెయ్యకపోవడానికి కారణం చాలామందిలో అంతకుముందు కాల్చిన సిగరెట్టేనని వారికి తట్టదు.

హెచ్.ఐ.వి. ఉన్నవారి విషయంలో ఈ మాటకు ఈమధ్య కొత్త రెక్క ఒకటి మొలిచింది. నికోటిన్ వారి మెదడును బాగుచేస్తుందని ఎలుకల మీద రుజువయిందట, కనుక బీడీ మానక్కరలేదట. మానమని పోరుతున్న భార్యకు ఒకాయన నా ఎదుటే ఈ సమాధానం చెప్పాడు. ఆ ఎలుకల సంగతేమిటో మీరూ తెలుసుకోవడం మంచిది.

హెచ్.ఐ.వి. శరీరంలో ప్రవేశించిన కొద్ది వారాలలోనే మెదడుకు చేరగలదు. విచిత్రమేమంటే, మన ఆలోచనకు ఆధారమైన నాడీకణాలలో అది కాపురం పెట్టదు. వాటికి కాపలా కాసే మైక్రోగ్లియా అనే కణాలలో తిష్ఠ వేస్తుంది. అక్కడనుంచి వెలువడే వైరస్ ప్రోటీన్లూ, రెచ్చిపోయిన ఆ కాపలా కణాలు కక్కే రసాయనాలూ కలిసి పక్కనున్న నాడీకణాలను దెబ్బతీస్తాయి. ఫలితంగా మతిమరుపు, పనిలో మందకొడితనం, చిల్లర లెక్కలో పొరపాట్లు, నడకలో తడబాటు కనిపిస్తాయి. మందులు లేని రోజులలో ఇది ముదిరి మనిషిని మంచాన పడేసేది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తోంది. వాటివల్ల ఆ తీవ్రరూపం అరుదయింది. తేలికరకం మాత్రం మందులు సక్రమంగా వాడేవారిలో కూడా కొందరికి వస్తూనే ఉంది. ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బనుకోరు. బద్ధకమనో, శ్రద్ధ లేదనో కసురుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మతిమరుపు వల్ల మాత్రలు తప్పుతాయి. మాత్రలు తప్పితే వైరస్ మళ్ళీ విజృంభిస్తుంది. అది మెదడును మరింత పాడుచేస్తుంది.

ఇక జన్యువుల మాట. పూర్వం కరణంగారి పెట్టెలో ఊరి కాగితాలన్నీ ఉండేవి. కాని ఏ రోజుకారోజు బయటికి తీసేవి కొన్నే. అలాగే ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉన్నా, ఆ కణం తన పనికి కావలసిన వాటినే తీసి చదువుకుంటుంది. ఏ జన్యువు ఎంతగా పనిచేస్తోందన్నదే ఇక్కడ ముఖ్యం. హెచ్.ఐ.వి. ప్రోటీన్లు ఈ వరుసను తారుమారు చేస్తాయి. కావలసిన కాగితం పైకి రాదు, అక్కరలేనిది బల్ల మీద పరుచుకుంటుంది.

అమెరికాలోని మేరీలాండ్‌లో శాస్త్రవేత్తలు 2001లో ఒక రకం ఎలుకను తయారు చేశారు. పుట్టుకతోనే దాని కణాలలో హెచ్.ఐ.వి. జన్యువులు ఉంటాయి. రెండింటిని తీసివేశారు గనక వైరస్ వృద్ధి చెందదు, ప్రోటీన్లు మాత్రం తయారవుతాయి. ఒక రకంగా ఇది మందులు వాడుతున్న రోగి పరిస్థితికి దగ్గర. ఇలాంటి ఎలుకలకు సుమారు నాలుగు వారాలు నికోటిన్ ఇంజక్షన్ ఇచ్చి, మెదడులోని మూడు భాగాలను పరీక్షించిన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. వైరస్ ప్రోటీన్ల వల్ల తారుమారైన జన్యువులలో కొన్ని తిరిగి మామూలు స్థితికి వచ్చాయి. మెదడు కణాల మీద నికోటిన్‌కు పట్టు దొరికే తావులున్నాయి. కాపలా కణాల మీద ఉన్న అలాంటి తావులు వాటి ఆవేశాన్ని తగ్గించగలవు. కనుక ఈ ఫలితం నమ్మదగనిదేమీ కాదు.

అయితే ఆ ఎలుకలు బీడీ కాల్చలేదు! వాటికిచ్చినది కొలతగా తీసిన శుద్ధమైన నికోటిన్. పొగలో నికోటిన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్, తారు, సైనైడ్ వంటి వేలాది రసాయనాలుంటాయి. అవి రక్తనాళాలను పాడుచేసి గుండెపోటుకూ, పక్షవాతానికీ దారి తీస్తాయి. హెచ్.ఐ.వి. రోగికి ఈ రెండు ముప్పులూ ముందే ఎక్కువ. పొగ తోడైతే క్షయ, న్యుమోనియా కూడా సులభంగా పట్టుకుంటాయి. పైగా ఎలుకలో జన్యువు దారికి రావడం వేరు, మనిషికి జ్ఞాపకశక్తి తిరిగి రావడం వేరు.

డెన్మార్క్‌లో 2013లో వెలువడిన లెక్క ఒకటి చూడండి. ఎ.ఆర్.టి. వాడుతూ పొగతాగే 35 ఏళ్ళ హెచ్.ఐ.వి. రోగి, హెచ్.ఐ.వి. వల్ల పోగొట్టుకునేది సుమారు 5 ఏళ్ళ ఆయుష్షు. పొగ వల్ల పోగొట్టుకునేది 12 ఏళ్ళకు పైగా! వైరస్‌కు భయపడి పరుగెత్తుకొచ్చేవారు అగ్గిపెట్టెకు భయపడరెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గుట్కా, ఖైనీ వాడేవారు తమకు పొగ లేదు గదా అని సంతోషించనక్కరలేదు. నోటి కాన్సరుకు పొగతో పనిలేదు.

మీ ఇంట్లో హెచ్.ఐ.వి. ఉన్నవారెవరైనా ఈమధ్య మరపుగా, మందకొడిగా కనిపిస్తే కసరకండి. ఎ.ఆర్.టి. సెంటరులో డాక్టరుతో చెప్పండి. దిగులు, థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మెదడు పొరల క్షయ కూడా ఇలాగే కనిపించవచ్చు. వీటన్నిటికీ వైద్యం ఉంది. మాత్రలు పళ్ళు తోముకునే బ్రష్షు పక్కనే పెట్టండి, ఏ రోజు మాత్ర ఆ రోజు పడిందో లేదో ఇంకొకరు చూడండి.

పొగాకు మానదలచినవారు 1800-112-356 కు డబ్బులు లేకుండా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. అవసరమైతే డాక్టరు నికోటిన్ చూయింగ్ గమ్ రాస్తారు. నికోటిన్‌కు వైద్యంలో ఉన్న న్యాయమైన స్థానం ప్రస్తుతానికి అదొక్కటే. గమ్మును మిఠాయిలా గబగబ నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా ఒక అరగంట. అంతకు పావుగంట ముందునుంచీ కాఫీ, టీ తాగితే అది సరిగా ఒంటబట్టదు.