హైదరాబాదులో వన్యప్రాణి జన్యు పరిశోధన

హైదరాబాదు నగరానికి తూర్పున, తార్నాక నుండి ఉప్పల్ వరకు సాగే రహదారి వెంటను, దానికి ఉత్తరాన ఉన్న నాచారంలోను కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలు పలు వెలిశాయి. వీటిలో హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సి.సి.ఎం.బి.), దాని కృషి నుండి రూపుదిద్దుకున్న డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రము (సి.డి.ఎఫ్.డి.) ముఖ్యమైనవి. అడవి అన్నది కనుచూపు మేరలో లేని ఈ పారిశ్రామిక ప్రాంతము భారతదేశంలో వన్యప్రాణుల జన్యు పరిశోధనకు పుట్టినిల్లు. చంపబడిన జంతువు ఏ జాతిదో తేల్చే పద్ధతి, బోనులలో సంతానము కలుగని జంతువులకు కృత్రిమ గర్భధారణ, అడవికి దూరమైన మూషిక జింకను తిరిగి అడవిలో విడిచిపెట్టడము ఇక్కడ మొదలైన పరిశోధనల ఫలితాలే.

నేపథ్యము

సి.సి.ఎం.బి. 1977లో ఉప్పల్ రోడ్డులోని ప్రాంతీయ పరిశోధనాలయము (నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) లో ఒక భాగంగా ప్రారంభమైనది. దీని స్థాపక సంచాలకుడు పుష్ప మిత్ర భార్గవ. వన్యప్రాణులు ఈ సంస్థ మొదటి లక్ష్యాలలో లేవు. కణాలు ఎలా పనిచేస్తాయి, జన్యువులు ఎలా వ్యక్తమవుతాయి అన్న మౌలిక ప్రశ్నలే దాని పరిధి. 1987లో లాల్జీ సింగ్ ఈ సంస్థలో చేరిన తరువాత పరిశోధన వన్యప్రాణుల వైపు మళ్ళినది.

లాల్జీ సింగ్ (1947 - 2017) ఉత్తర ప్రదేశ్ లోని జౌన్‌పూర్ జిల్లాకు చెందినవాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై పరిశోధన చేసి డాక్టరేటు పొంది, తరువాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. మనుషులలో మగవారికి రెండు రకాల లైంగిక క్రోమోజోములు ఉండగా పాములలో ఆడవాటికి ఉంటాయి. కట్లపాము జాతికి చెందిన ఒక ఆడపాములో, ఆ ప్రత్యేక క్రోమోజోముపై పదే పదే పునరావృతమయ్యే డి.ఎన్.ఏ. భాగాన్ని ఆయన, సహచరులు గుర్తించారు. ఇటువంటి పునరావృత భాగాలు మనిషితో సహా అనేక జీవులలో ఉన్నాయనీ, వాటి అమరిక ఒక్కొక్క వ్యక్తిలో ఒక్కొక్క విధంగా ఉంటుందనీ తేలినది. 1980ల చివరలో హైదరాబాదులో రూపొందిన స్వదేశీ డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతికి ఇదే ఆధారము. తల్లిదండ్రుల నిర్ధారణకు, హత్య కేసులకు నేడు న్యాయస్థానాలలో ఎంతో పేరు పొందిన ఈ విద్య ఒక పాముతో మొదలైనదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ సేవలను న్యాయస్థానాలకు, పోలీసు శాఖకు అందించడానికి 1996లో సి.డి.ఎఫ్.డి. ప్రత్యేక సంస్థగా ఏర్పడినది. ఇది 2000 దశకంలో నాచారంలోని ఇ.సి.ఐ.ఎల్. రోడ్డులో పనిచేసినది, ప్రస్తుతము ఉప్పల్ లో ఉన్నది. లాల్జీ సింగ్ 1998 నుండి 2009 వరకు సి.సి.ఎం.బి. సంచాలకుడిగా ఉన్నాడు. 2004లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది.

చంపబడిన జంతువు ఏది?

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. ఈ చట్టంలో జంతువులను వివిధ షెడ్యూళ్ళుగా విభజించారు. నేరము, శిక్ష ఆ జంతువు ఏ షెడ్యూలులో ఉన్నదన్న దానిపై ఆధారపడతాయి. కనుక అటవీ అధికారి న్యాయస్థానంలో మొదట నిరూపించవలసినది పట్టుబడిన వస్తువు ఏ జంతువుకు చెందినదన్న విషయము. తలో, కొమ్ములో, చర్మమో దొరికితే చిక్కు లేదు. వేటగాళ్ళు సాధారణంగా వాటిని అడవిలోనే వదిలి, మాంసాన్ని ముక్కలు చేసి తెస్తారు. కొన్నిసార్లు అది వండిన కూర రూపంలోనే దొరుకుతుంది. అది జింక మాంసము కాదు, మేక మాంసమని నిందితుడు వాదిస్తే కాదని చెప్పగల సాధనము చాలాకాలము లేకపోయినది. చట్టము ఎంత కఠినంగా ఉన్నా ఈ ఒక్క మెలిక వద్ద కేసులు వీగిపోయే అవకాశము ఉండేది.

ప్రతి కణంలోను శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియాలకు తమ స్వంత డి.ఎన్.ఏ. ఉంటుంది. ఒక్కొక్క కణంలో దాని ప్రతులు వందల సంఖ్యలో ఉంటాయి గనుక కుళ్ళిన మాంసము, ఎండిన చర్మము, వెంట్రుకల వంటి వాటి నుండి కూడా కొంత భాగము దొరికే అవకాశము ఎక్కువ. అయితే దానిని యంత్రంలో లక్షల రెట్లు పెంచడానికి (దీనినే పి.సి.ఆర్. అంటారు) ప్రైమర్లు అనబడే చిన్న డి.ఎన్.ఏ. తునకలు కావాలి. ప్రైమరు అతుక్కోవాలంటే ఎదుటి డి.ఎన్.ఏ. క్రమము ముందే తెలిసి ఉండాలి. జంతువు ఏదో తెలియనప్పుడు ఏ ప్రైమరు వాడాలి? చిక్కంతా ఇక్కడే ఉన్నది.

సి.సి.ఎం.బి.లో ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ కలిసి దీనికి పరిష్కారము కనుగొని 2003లో ప్రచురించారు. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో రెండు చివరల దాదాపు అన్ని వెన్నెముక గల జంతువులలో మారకుండా ఉండి, మధ్య భాగము మాత్రము జాతి జాతికి మారే ఒక ప్రదేశాన్ని వారు ఎంచుకున్నారు. మారని చివరలకు ప్రైమర్లు అతుక్కుంటాయి. మారే మధ్య భాగాన్ని చదివి, తెలిసిన జాతులతో పోల్చి జంతువును గుర్తించవచ్చును. ఈ భాగము పొడవు సుమారు 472 అక్షరాలు మాత్రమే. అందువలన డి.ఎన్.ఏ. కొంత శిథిలమైనా పరీక్ష సాధ్యమవుతుంది. ఒక తాళంచెవితో అన్ని తాళాలు తెరిచి, లోపలి సామానును బట్టి ఇల్లు ఎవరిదో చెప్పినట్లు అని దీనిని ఊహించుకోవచ్చును.

ఈ పరీక్ష జాతిని చెబుతుంది గాని ఆ జంతువు ఏ అడవిదో, రెండు మాంసపు ముక్కలు ఒకే జంతువువో కావో చెప్పదు. దానికి కేంద్రక డి.ఎన్.ఏ.ను పరిశీలించవలసి ఉంటుంది. పులుల మల నమూనాల నుండి ఒక్కొక్క పులిని విడిగా గుర్తించేది ఈ రెండవ పద్ధతితోనే. జంతువును పట్టకుండా, మత్తు ఇవ్వకుండా, అది వదిలి వెళ్ళిన దానితోనే పని జరగడము ఇందులోని గొప్ప సౌలభ్యము.

లాకోన్స్

అంతరించే ప్రమాదంలో ఉన్న జీవజాతుల సంరక్షణ ప్రయోగశాలను క్లుప్తంగా లాకోన్స్ అంటారు. సి.సి.ఎం.బి.కి అనుబంధంగా 1998లో రూపుదిద్దుకున్న ఈ ప్రణాళికలో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, అప్పటి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము పాలుపంచుకున్నాయి. జంతువులతో పని గనుక దీనిని ఉప్పల్ రోడ్డు ప్రాంగణంలో కాక నగరానికి నైరుతి దిక్కున అత్తాపూర్ లో నిర్మించారు. 2007లో నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ దీనిని జాతికి అంకితము చేశాడు.

పశువులలో కృత్రిమ గర్భధారణ పల్లెల్లో సైతము మామూలు విషయమే. ఆ పద్ధతినే జింకకు వాడితే సరిపోదా అన్న ప్రశ్న సహజము. ఆవు ఎదకు వచ్చిన సంగతి రైతు చూసి చెప్పగలడు. అడవి జంతువు మనిషిని దగ్గరకు రానివ్వదు. పట్టుకుంటే భయంతోనే చనిపోయే ప్రమాదము ఉన్నది. అందువలన లాకోన్స్ శాస్త్రవేత్తలు పెంటికలను సేకరించి వాటిలోని హార్మోనులను కొలిచి, ఆడ జంతువు ఎదకు వచ్చే కాలాన్ని, చూలు కట్టిన సంగతిని తెలుసుకునే పద్ధతులను ఒక్కొక్క జాతికి విడివిడిగా సిద్ధపరచవలసి వచ్చినది. ఈ కృషి ఫలితంగా 2006లో కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక చుక్కల జింక పిల్ల పుట్టినది. దానికి స్పాటీ అని పేరు పెట్టారు. 2007లో ఇదే విధంగా పుట్టిన కృష్ణజింక పిల్లకు బ్లాకీ అని పేరు. చుక్కల జింక నేడు తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర జంతువు కావడము యాదృచ్ఛికమే. ఈ రెండు జాతులూ అంతరించే అంచున లేవు. పద్ధతి నేర్చుకోవడానికే వీటిని ఎంచుకున్నారు.

అన్నీ ఫలించలేదు. భారతదేశంలో 20వ శతాబ్దము మధ్యలో అంతరించిన చీతాను ఇరాన్ లోని ఆసియా చీతా కణాలతో క్లోనింగ్ చేయాలని 2000 దశకంలో ప్రయత్నము జరిగినది. ఇరాన్ అంగీకరించలేదు. చివరకు 2022లో నమీబియా నుండి 8 ఆఫ్రికా చీతాలను మధ్య ప్రదేశ్ లోని కూనో జాతీయ వనానికి తెచ్చారు. క్లోనింగుతో పోలిస్తే ఇది సూటి మార్గమే అయినా, వచ్చినది వేరే ఉపజాతి.

2018లో లాకోన్స్ లో జాతీయ వన్యప్రాణి జన్యు వనరుల నిధి ప్రారంభమైనది. వీర్యము, అండాలు, కణజాలము వంటి వాటిని మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల ద్రవ నత్రజనిలో ఇక్కడ భద్రపరుస్తారు. ప్రారంభించే నాటికి 23 భారతీయ వన్యజాతుల నమూనాలు చేరినవి. 2021లో కోవిడ్ రెండవ విజృంభణ కాలంలో నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని 8 ఆసియా సింహాలకు వ్యాధి సోకిందని నిర్ధారించినది కూడా ఈ ప్రయోగశాలే.

మూషిక జింక

మూషిక జింక దాదాపు కుందేలంత జంతువు. బరువు సుమారు 3 కిలోలు, భుజము వద్ద ఎత్తు ఒక అడుగుకు మించదు. పేరులో జింక ఉన్నా ఇది నిజమైన జింకల కుటుంబానికి చెందదు. దీనికి కొమ్ములు ఉండవు. మగవాటికి పై కోరలు పొడవుగా ఉంటాయి. రాత్రిపూట తిరుగుతూ రాలిన పండ్లు, ఆకులు తింటుంది. పగలు చెట్టు తొర్రలలోను, పొదలలోను దాగి ఉంటుంది. కనబడడము అరుదు గనుక అడవిలో వీటి సంఖ్యను లెక్కించడము కష్టము. చట్టంలో దీనిని మొదటి షెడ్యూలులో చేర్చి పులితో సమానంగా రక్షణ కల్పించారు.

2010లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, నెహ్రూ జంతుప్రదర్శనశాల, లాకోన్స్ కలిసి ఈ జంతువు సంతానోత్పత్తి పథకాన్ని చేపట్టాయి. గర్భధారణ కాలము సుమారు 5 నెలలనీ, ఈనిన కొద్ది గంటలకే ఆడది తిరిగి జతకట్టగలదనీ పరిశీలనలో తేలినది. దీనిని బట్టి మగ, ఆడ జంతువులను ఎప్పుడు కలిపి ఉంచాలో, ఎప్పుడు విడదీయాలో నిర్ణయించారు. కృత్రిమ గర్భధారణ అవసరము లేకుండానే, కొద్దిపాటి జంతువులతో మొదలైన మంద కొన్నేళ్ళలో 200 దాటినది. అధునాతన పరికరాల కంటే జంతువు నడవడిని తెలుసుకోవడమే ఇక్కడ ఎక్కువ ఉపయోగపడినదని చెప్పవచ్చును.

2017 మార్చిలో 2 మగ, 6 ఆడ మూషిక జింకలను నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచారు. బోనులో పుట్టిన జంతువును నేరుగా అడవిలో వదిలితే మేత వెతకడము, శత్రువు నుండి తప్పించుకోవడము తెలియక చనిపోతుంది. అందువలన ముందు అడవిలోనే కంచె వేసిన ఆవరణలో ఉంచి, అక్కడి మేతకు, వాసనలకు అలవాటు పడనిచ్చి, ఆ తరువాతే స్వేచ్ఛగా తిరగనిస్తారు.

ఆవాసము, గనులు

మంద పెరిగిన తరువాత మిగిలే ప్రశ్న, వాటిని వదలడానికి తగిన అడవి ఎక్కడ ఉన్నదన్నది. మూషిక జింకలను వదిలిన అమ్రాబాద్ లోనే రెండేళ్ళ తరువాత ఈ ప్రశ్న ముందుకు వచ్చినది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘము అమ్రాబాద్ లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సమ్మతించినది. అన్వేషణ అంటే గని కాదన్నది నిజమే. కాని 4,000 బోరు రంధ్రాలు తవ్వాలన్న ప్రతిపాదనలో దారులు, యంత్రాలు, మనుషుల రాకపోకలు ఇమిడి ఉన్నాయి. నేలకు ఆనుకుని బ్రతికే చిన్న జంతువుకు ఇవే పెద్ద అడ్డంకులు. అక్కడ నివసించే చెంచులతో పాటు అనేకులు దీనిని వ్యతిరేకించారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానము చేసినది.

తవ్వకము జరిగిపోయిన చోట అడవిని తిరిగి తేవడము సాధ్యమేనా అన్నది తెలంగాణలో సింగరేణి ప్రాంతంలో చూడవచ్చును. 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు తవ్వకము మొదలుకాగా 1975లో రామగుండంలో ఓపెన్‌కాస్టు గనులు ప్రారంభమయ్యాయి. ఇందులో బొగ్గు పైనున్న మట్టిని, ఇసుకరాతిని తొలగించి పక్కన గుట్టగా పోస్తారు. ఆ గుట్టలో పోషకాలు, సూక్ష్మజీవులు దాదాపు ఉండవు, వానకు కోసుకుపోతుంది. మొదట తీసిన పైమట్టిని విడిగా భద్రపరిచి, గుట్టను మెట్లుగా చెక్కి, దానిపై ఆ మట్టిని పరచి, ముందు గడ్డి, పప్పుజాతి మొక్కలు, తరువాత చెట్లు పెంచడము సరైన పద్ధతి. పైమట్టిని ఏళ్ళ తరబడి నిలవ ఉంచితే అందులోని విత్తనాలు, సూక్ష్మజీవులు నశిస్తాయి గనుక వీలైనంత త్వరగా వాడాలి.

పచ్చగా కనబడినంత మాత్రాన అది అడవి కాదు. ఒకే రకము చెట్లు వరుసలుగా ఉన్న తోటలో రాలే పండ్లు, తొర్రలు, పొదలు ఉండవు. మూషిక జింక వంటి జంతువుకు అక్కడ మేతా లేదు, చాటూ లేదు. నాటిన చెట్ల సంఖ్యను లెక్కించడము తేలిక గనుక నివేదికలలో అదే ప్రముఖంగా కనిపిస్తుంది. తిరిగి వచ్చిన జంతువులను లెక్కించడము అంతకంటే కష్టము. ఉప్పల్ రోడ్డులో రూపొందిన డి.ఎన్.ఏ. పద్ధతుల వంటివి ఇక్కడ అక్కరకు వస్తాయి: మలము, వెంట్రుకలు సేకరించి ఆ నేలపై ఏ జాతులు తిరుగుతున్నాయో తెలుసుకోవచ్చును. మహారాష్ట్రలోని తాడోబా నుండి పులులు వచ్చే కవ్వాల్ అభయారణ్యము (2012లో పులుల సంరక్షణకు ప్రకటించబడినది) బొగ్గు గనుల ప్రాంతానికి చేరువలోనే ఉన్నది. పులికి గని గుట్టపై నివాసము అవసరము లేదు. రాత్రివేళ దాటిపోయేంత చాటు ఉంటే చాలు.

కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారము ప్రతి గనికి మూసివేత ప్రణాళిక ఉండాలి. ఓపెన్‌కాస్టు గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి హెక్టారుకు ఒక లక్ష చొప్పున అప్పటి ధరలలో లెక్కించి, ఆ మొత్తాన్ని వార్షిక వాయిదాలలో ప్రత్యేక ఖాతాలో జమ చేయవలసి ఉండేది. 2020 జనవరి 8న సుప్రీం కోర్టు, తవ్వకము ముగిసిన నేలపై పశువులకు మేతగాను, మొక్కలకు, జంతువులకు ఆవాసంగాను పనికివచ్చేలా తిరిగి గడ్డి పెంచాలన్న షరతును గని లీజులలో చేర్చవలసిందిగా కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది.