పెట్టె గోడకుంది సరే... పిల్లాడికి దెబ్బ తగిలితే పరిగెత్తేదెవరు?

* చిన్న బడుల్లో ప్రథమ చికిత్సకు మందుల కన్నా ముందు మనుషులు కావాలి
* సరిహద్దు ఊళ్లలో 108కి ఫోన్ చేయడానికీ ఒక పద్ధతి ఉండాలి

బాగేపల్లి, చింతామణి: ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఒకటో రెండో గదులు, ముందు ఒక వసారా. పిల్లలు పాతిక మంది. ఉపాధ్యాయులు ఇద్దరే. వారిలో ఒకరు శిక్షణకో, సమావేశానికో పోతే ఆ రోజుకు మిగిలేది ఒక్కరే. చిక్కబళ్లాపురం జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న పల్లెల్లో ఇలాంటి కిరియ ప్రాథమిక పాఠశాలలు కొత్తేమీ కాదు. అలాంటి బడిలో విరామం వేళ ఒక పిల్లాడు అరుగు మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడనుకుందాం. అయివారు వాడిని ఎత్తుకుని ఆసుపత్రికి పోతే మిగతా ఇరవై నాలుగు మందిని చూసేదెవరు? పోకుండా బడిలోనే ఉంటే ఆ పిల్లాడి గతేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు గోడకు తగిలించిన ప్రథమ చికిత్స పెట్టెలో దొరకదు. పెట్టెలో దూది ఉంటుంది, గుడ్డ ఉంటుంది. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మాత్రం ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. పెద్ద బడిలో పది మంది ఉపాధ్యాయులుంటారు కాబట్టి ఎవరో ఒకరు కదులుతారు. చిన్న బడిలో అది ముందే రాసి పెట్టుకోకపోతే ఆ గాభరాలో ఏదీ తోచదు.

ఒక్కరు చేయలేని పని

పిల్లాడికి దెబ్బ తగిలిన నిమిషంలో బడిలో నాలుగు పనులు ఒకేసారి పడతాయి. దెబ్బ తగిలిన పిల్లాడి దగ్గర ఒకరు ఉండాలి. ఫోన్ ఒకరు చేయాలి. మిగతా పిల్లలను ఒకచోట కూర్చోబెట్టాలి. ఇంటికి కబురు పంపాలి. విద్యా హక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు. అంటే నాలుగు పనులకు చట్టం చూపించే మనుషులు ఇద్దరే.

మిగతా ఇద్దరిని ఊళ్లోనే వెతుక్కోవాలి. బడిలో బిసియూట వండే అమ్మ ఒకరు. పక్కనే అంగనవాడీ ఉంటే అక్కడి కార్యకర్త ఇంకొకరు. ఆశా కార్యకర్త ఇల్లు దగ్గరైతే మరీ మంచిది. బడి ఎదురుగా అంగడి పెట్టుకున్నాయన కూడా పనికొస్తాడు. వీళ్లలో ఎవరు ఏ పని చేయాలో ముందే చెప్పి, వాళ్లు సరేనన్న తర్వాత పేర్లు కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అతిథి ఉపాధ్యాయులు ఏటా మారుతుంటారు. కాబట్టి కొత్తవారు చేరిన రోజే ఆ కాగితం చూపించాలి.

వాహనం సంగతీ అంతే. ఊళ్లో ఆటో ఎవరికుంది, కారు ఎవరికుంది, పగటిపూట ఎవరు ఊళ్లో ఉంటారు అన్నది తెలిసి ఉండాలి. సహాయం చేస్తే పోలీసులు, కోర్టులంటూ తిరగాల్సి వస్తుందని కొందరికి జంకు. ప్రమాదంలో గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకుండా కర్ణాటక 2016లో ప్రత్యేక చట్టం చేసింది. 2018లో దానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఇలాంటి రక్షణ చేర్చారు. ఈ ముక్క ఊళ్లో ఆటో నడిపేవారికి ఎస్‌డీఎంసీ సభ్యులే చెప్పాలి.

బత్తేరి చెప్పిన పాఠం

ఆలస్యం ఎంత పని చేస్తుందో 2019 నవంబరులో కేరళలో చూశారు. వయనాడ్ జిల్లా సుల్తాన్ బత్తేరిలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో తరగతి గది నేలలో ఉన్న కన్నంలోంచి పాము ఐదో తరగతి బాలికను కరిచింది. పాము కరిచిందని చెప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోలేదని, తండ్రి వచ్చేదాకా ఆగారని తోటి పిల్లలు చెప్పారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పుతుండగా ఆ పాప ప్రాణం పోయింది. రాష్ట్రమంతా అట్టుడికింది. ఉపాధ్యాయుడు సస్పెండయ్యారు. తాలూకా ఆసుపత్రి వైద్యురాలి మీదా చర్య తీసుకున్నారు.

అక్కడ ఎవరూ ఉపాధ్యాయులను వైద్యం చేయమని అడగలేదు. తొందరగా ఎందుకు కదల్లేదన్నదే అందరూ అడిగిన ప్రశ్న. తల్లిదండ్రులు వచ్చేదాకా ఆగుదాం అనుకోవడం మన బడుల్లోనూ ఉన్న అలవాటే. శిడ్లఘట్ట, చింతామణి వైపు అమ్మానాన్నలు పొద్దున్నే మల్బరి తోటకో, టమోటా తోటకో పోతారు. కొందరు బెంగళూరులో కూలికి పోయి పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలిపెడతారు. ఫోన్ తగలదు, తగిలినా ఎత్తరు. అందుకే ఇంటికి కబురు ఒక పక్క పోవాలి, ఆసుపత్రి ప్రయాణం ఇంకో పక్క సాగాలి. అత్యవసరమైతే మా కోసం ఆగకుండా తీసుకుపోండి అని బడిలో చేర్చే రోజే తల్లిదండ్రులతో రాయించుకుంటే ఉపాధ్యాయులకూ ధైర్యంగా ఉంటుంది.

108కి చేస్తే ఏ రాష్ట్రం పలుకుతుంది?

108 సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. కర్ణాటకలో ఆరోగ్య కవచ పేరుతో 2008 నవంబరు 1న వచ్చింది. నంబరు రెండు చోట్లా ఒకటే. తిప్పలు కూడా అక్కడే ఉన్నాయి. సరిహద్దు పల్లెల్లో సెల్‌ఫోన్ ఒకోసారి అటువైపు టవరును పట్టుకుంటుంది. అప్పుడు చేసిన కాల్ ఆంధ్ర కేంద్రానికి పోవచ్చు. ఊరి పేరు మాత్రమే చెబితే అవతలివారికి అర్థం కాదు. అటూ ఇటూ ఒకే పేరున్న పల్లెలుంటే మరీ తికమక.

కాబట్టి ఫోన్ చేసినవారు మొదట రాష్ట్రం, తర్వాత జిల్లా, తాలూకా, ఆ తర్వాత ఊరు, చివరికి గుర్తు పట్టే చోటు వరుసగా చెప్పాలి. ఉదాహరణకు, కర్ణాటక, చిక్కబళ్లాపురం జిల్లా, బాగేపల్లి తాలూకా, ఫలానా ఊరు, గుడి పక్కన ప్రభుత్వ పాఠశాల అని. ఈ నాలుగు ముక్కలు తెలుగులోనూ కన్నడంలోనూ రాసి ఫోన్ పక్కన అంటిస్తే వంట చేసే అమ్మ అయినా చదివి చెప్పగలదు. కాల్ అటువైపు పోయిందని తెలిస్తే 112కి కూడా ప్రయత్నించాలి. పీహెచ్‌సీ, తాలూకా ఆసుపత్రి నంబర్లు వేరుగా రాసి పెట్టుకోవాలి. బాగేపల్లి నుంచి జిల్లా కేంద్రం దాదాపు 40 కిలోమీటర్లు. చింతామణి నుంచీ ఇంచుమించు అంతే. కాబట్టి ఏ జబ్బుకు ఏ ఆసుపత్రిలో మందు ఉందో ముందే కనుక్కుంటే దారిలో సమయం మిగులుతుంది.

భాషదీ ఒక చిక్కే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఒకటో తరగతి బిడ్డ నొప్పిని చెప్పేది ఇంటి భాషలోనే. కళ్లు తిరుగుతున్నాయి, కడుపులో దేవుతోంది, ఆయాసంగా ఉంది అన్న మాటలు వేరే ఊరి నుంచి వచ్చిన అయివారికి, ఆంబులెన్సు సిబ్బందికి వెంటనే అందకపోవచ్చు. పిల్లాడి వెంట తెలుగు తెలిసినవారు ఒకరు ఆసుపత్రి దాకా పోవడం మంచిది.

సాంబారు గిన్నె దగ్గర జాగ్రత్త

2023 నవంబరులో కలబురగి జిల్లా అఫ్జల్‌పూర్ తాలూకాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో రెండో తరగతి బాలిక వేడి సాంబారు గిన్నెలో పడి, బెంగళూరులో చికిత్స పొందుతూ చనిపోయింది. ప్రతి బడిలోనూ రోజూ పొయ్యి వెలుగుతుంది. పాలు కాగుతాయి, అన్నం ఉడుకుతుంది. వంటగదిలోకి పిల్లలు పోకుండా చూడటం, వేడి గిన్నెలు నడిచే దారిలో పెట్టకపోవడం, పిల్లలతో మోయించకపోవడం ప్రథమ చికిత్స కన్నా ముందు చేయాల్సిన పనులు.

ఒకవేళ కాలితే? మన ఇళ్లలో వెంటనే పళ్లపొడి పేస్టో, పసుపో, సిరానో పూస్తారు. అవేవీ వద్దు. కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. ఐసు పెట్టకూడదు. బొబ్బలు చిదమకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒళ్లు ఎక్కువగా కాలితే పిల్లాడికి చలి పట్టకుండా మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి.

పాము, తేలు, కుక్క

పాము కాటును జబ్బుల జాబితాలో చేర్చి, ప్రతి కేసునూ ప్రభుత్వానికి తెలపాలని కర్ణాటక 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది. దేశంలో పాము కాటు మరణాలను 2030కి సగానికి తగ్గించాలని కేంద్రం కూడా అదే ఏడాది ప్రణాళిక ప్రకటించింది.

మనవైపు ప్రాణం మీదికి తెచ్చేవి నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాలుగింటికీ ఒకే విరుగుడు మందు. కాబట్టి పామును పట్టి తేవాలని, చంపాలని సమయం వృథా చేయొద్దు. కరిచిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం మంచివి కావు. గాజులు, ఉంగరాలు, కాలి పట్టీలు తీసేయాలి. కాలో చెయ్యో కదలకుండా కర్రముక్కో స్కేలో ఆనించి వదులుగా కట్టాలి. నడిపించకుండా ఎత్తుకుని పోవాలి. కట్లపాము కరిస్తే వాపు, నొప్పి పెద్దగా ఉండవు. గాటు కనబడలేదని ఇంటికి పంపేస్తే సాయంత్రానికి రెప్పలు వాలిపోయి, ఊపిరి ఆడకుండా పోవచ్చు.

మంత్రం వేయించి తర్వాత చూద్దాం అనేవారు ఇప్పటికీ ఉన్నారు. గౌరీబిదనూరు తాలూకా హోసూరులో పుట్టిన విద్యావేత్త హెచ్. నరసింహయ్య 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం తరఫున మహిమలను పరీక్షించే సంఘం పెట్టి, ఏదైనా ప్రశ్నించాకే నమ్మమని జనానికి చెప్పారు. ఆ పెద్దాయన పుట్టిన జిల్లాలో విరుగుడు మందు ఉన్న ఆసుపత్రిని వదిలి మంత్రగాడి గడప తొక్కడం తగదు.

తేలు కుట్టినా పెద్దవాళ్లు ఏడిస్తే పోతుందిలే అంటారు. ఎర్రతేలు కుట్టిన చిన్నపిల్లలకు వాంతులు, ఒళ్లంతా చెమటలు, చేతులు చల్లబడటం కనిపిస్తే గుండెకు ముప్పని తెలుసుకోవాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పూయకూడదు. అదే రోజు టీకా మొదలు పెట్టాలి. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు సీరం కూడా అవసరం. పాఠశాలల ఆవరణల్లోకి వీధి కుక్కలు రాకుండా చూడాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. చుట్టుగోడ లేని బడులకు ఇది మరీ అవసరం.

బాధ్యత ఎవరిది?

2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో పాఠశాల కాలి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ విషాదం నుంచి పుట్టిన కేసులోనే 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, చదువుకునే హక్కులో క్షేమమైన బడి కూడా భాగమేనంది. పాఠశాలలో పిల్లల భద్రతకు ఎవరు జవాబుదారో చెబుతూ కేంద్ర విద్యాశాఖ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ప్రధానోపాధ్యాయులు నాకేం సంబంధం అనడానికి లేదు. అలాగని మొత్తం భారం ఒక్క టీచరమ్మ నెత్తిన వేసి ఊరు చేతులు కట్టుకుని కూర్చోవడమూ సరికాదు. తల్లిదండ్రులతోనే ఏర్పడిన ఎస్‌డీఎంసీ ఉన్నది ఇలాంటి పనులకే. పెట్టె నింపడం, వాహనం చూడటం, కన్నాలు పూడ్పించడం, ముళ్లపొదలు కొట్టించడం ఆ సమితి చేయగలిగినవే.

ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా తీర్చిదిద్దాలన్నారు. గాయాల నివారణ కూడా అందులో ఒక అంశం. ఆ శిక్షణలో చేతులతో చేసి చూపించే ప్రథమ చికిత్స ఉండాలి. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ ఆంబులెన్స్ సంస్థలకు ఇందులో ఏళ్ల తరబడి అనుభవం ఉంది. తాలూకాకు ఒక రోజు పిలిపించి, వంటవారిని కూడా కూర్చోబెడితే ఖర్చు పెద్దగా కాదు.

బడి తెరిచే ముందు చేయాల్సినవి

* పెట్టెలో దూది, గాజుగుడ్డ, బ్యాండేజీలు, తొడుగులు, కత్తెర, సబ్బు, థర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. నెలకోసారి తీసి గడువు చూడాలి. తాళం వేస్తే తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి.

* వైద్యులు రాసివ్వకుండా పిల్లలకు మాత్రలు ఇవ్వకూడదు.

* మూర్ఛ, ఆయాసం, గుండె జబ్బు, ఏదైనా మందు పడకపోవడం ఉన్న పిల్లల వివరాలు, ఇంటి ఫోన్లు రెండేసి చొప్పున ఒక పుస్తకంలో రాసుకోవాలి.

* మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి పోవాలి.

* ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకూడదు. ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని 10 నిమిషాలు నొక్కి పట్టాలి.

* ప్రతి దెబ్బనూ తేదీ, సమయం, చేసిన పనితో సహా నోటుపుస్తకంలో రాయాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ పడుతున్నారంటే అక్కడ ఏదో బాగు చేయాలని అర్థం.

* ఆరు నెలలకోసారి పిల్లలతో సహా ఒక పది నిమిషాల అభ్యాసం పెట్టుకోవాలి. ఫోన్ ఎవరు చేస్తారు, ఆటో ఎంతసేపట్లో వస్తుంది, మిగతావారు ఎక్కడ కూర్చుంటారు అన్నది చేసి చూస్తే లోపం ఎక్కడుందో ఆ రోజే బయటపడుతుంది.